కన్నాబినాల్ చరిత్ర: గంజాయి రసాయనశాస్త్రంలో కాలం, నమూనా, నిర్ధారణ

వ్యాస సంగ్రహం

గంజాయికి సంబంధించిన రసాయనాలలో మొట్టమొదట శుద్ధరూపంలో వేరుపడినది కన్నాబినాల్. 1896–1899 మధ్య కేంబ్రిడ్జి రసాయనజ్ఞులు భారతీయ చరస్ నుంచి తీసిన ఎర్రని తైలానికి ఈ పేరు పెట్టి, గంజాయి మత్తుకు మూలద్రవ్యం అదేనని భావించారు. ఆ తైలాన్ని శుద్ధిచేసినప్పుడు మిగిలిన పదార్థంలో మత్తుగుణం దాదాపు లేదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. కన్నాబినాల్‌ను మొక్క నేరుగా తయారుచేయదు. మత్తునిచ్చే ద్రవ్యం గాలి, వెలుతురు, వేడి తగిలి శిథిలమైనప్పుడు ఇది ఏర్పడుతుంది. ఈ ద్రవ్యం గుర్తింపు, నామకరణం, నిర్మాణ నిర్ధారణ, పురావస్తు వినియోగం, వైద్య ప్రయోజనాలను గురించిన వాదాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. పరీక్షకు తీసుకున్న నమూనా వయస్సును లెక్కలోకి తీసుకోనందువల్ల 19వ శతాబ్దంలో ఒక పొరపాటు జరిగింది. నిద్రకు మందుగా కన్నాబినాల్‌కు నేడు వస్తున్న ప్రచారంలో అదే తరహా పొరపాటు మళ్లీ కనిపిస్తున్నదని ఈ వ్యాసం నిరూపించదలచింది.

కీలక పదాలు: కన్నాబినాల్, చరస్, గంజాయి, సవీర్యతావధి, భారత గంజాయి విచారణ సంఘం, రసాయనశాస్త్ర చరిత్ర, నిద్రలేమి.

1. ఉపోద్ఘాతం

గంజాయిని గురించిన నేటి వైద్య సాహిత్యంలో రెండు పేర్లు ప్రముఖంగా వినిపిస్తాయి. మత్తు కలిగించే టెట్రాహైడ్రోకన్నాబినాల్ ఒకటి. మత్తు కలిగించకుండా, కొన్ని రకాల మూర్ఛవ్యాధుల చికిత్సలో స్థానం సంపాదించిన కన్నాబిడయాల్ మరొకటి. వాడుకలో వీటిని టీహెచ్‌సీ, సీబీడీ అంటున్నారు. ఈ వర్గానికి చెందిన సమ్మేళనాలు ఈ మొక్కలో నూరుకు పైగా గుర్తింపు పొందాయి. వాటిలో అందరికన్నా ముందు వెలుగుచూసి, చాలాకాలం మరుగున ఉండిపోయినది కన్నాబినాల్. దీని సంక్షిప్త నామం సీబీఎన్.

ఈ ద్రవ్యం పుట్టుకలో ఒక ప్రత్యేకత ఉంది. పచ్చి మొక్కలోని ఎంజైములు మొదట కన్నాబిజెరాలిక్ ఆమ్లాన్ని, దాని నుంచి టీహెచ్‌సీకి ముందు రూపమైన ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ ఆమ్లం ఎండినప్పుడు, వేడి తగిలినప్పుడు కార్బన్ డయాక్సైడును కోల్పోయి టీహెచ్‌సీగా మారుతుంది. మొక్క చేసే పని ఇక్కడితో ముగుస్తుంది. అటుపైన జరిగేది నిలవలో జరిగే మార్పు. టీహెచ్‌సీ అణువులో 21 కార్బన్, 30 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. గాలి, వెలుతురుల ప్రభావంతో నాలుగు హైడ్రోజన్ పరమాణువులు తొలగిపోగా ఒక వలయం బెంజీన్ వలయంగా స్థిరపడుతుంది. 26 హైడ్రోజన్ పరమాణువులతో మిగిలిన ఆ అణువే కన్నాబినాల్. తాజా పూతలో ఇది అత్యల్పం. పాత సరుకులో ఎక్కువ.

అందువల్ల కన్నాబినాల్ చరిత్రను రాయడమంటే ఒక మొక్క గుణాలను వర్ణించడం మాత్రమే కాజాలదు. ఎక్కడి సరుకు, ఎంతకాలం ప్రయాణించింది, ఏ స్థితిలో పరీక్షకు వచ్చింది అన్న ప్రశ్నలు కూడ అందులో భాగమవుతాయి. ఈ ప్రశ్నలను పక్కన పెట్టినప్పుడు శాస్త్రనిర్ధారణ ఎలా దారితప్పిందో, వాటిని తిరిగి అడిగినప్పుడు ఏయే కొత్త విషయాలు తెలియవచ్చాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నిలవ ఉన్న మందు: 19వ శతాబ్దపు సమస్య

ఔషధానికి వయస్సు ఉంటుందన్న ఎరుక భారతీయ వైద్యానికి కొత్తది కాదు. శార్ఙ్గధర సంహిత పూర్వఖండం మూలికలకు ఒక సంవత్సరం, చూర్ణాలకు రెండు నెలలు, గుటికలకు, లేహ్యాలకు ఒక సంవత్సరం గడువుగా చెప్పి, ఆపైన అవి వీర్యహీనమవుతాయని పేర్కొంది. ఆయుర్వేద పరిభాషలో దీనిని సవీర్యతావధి అంటారు. జీర్ణం కాకముందే శరీరమంతటా వ్యాపించే 'వ్యవాయి' ద్రవ్యాలకు అదే గ్రంథం భంగను, నల్లమందును ఉదాహరణలుగా ఇవ్వడం ఇక్కడ గమనించదగినది. ఒకే గ్రంథంలో గంజాయి గుణమూ, ఔషధాల కాలపరిమితీ రెండూ చోటుచేసుకున్నాయి.

పాశ్చాత్య వైద్యంలోకి గంజాయి ప్రవేశించిన తీరు వేరు. కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడైన విలియం బ్రూక్ ఓషానెసీ 1839లో బెంగాల్ వైద్య, భౌతికశాస్త్ర సంఘానికి తన పరిశీలనలను సమర్పించాడు. ముందుగా జంతువులపైన, తరువాత రోగులపైన ప్రయోగించి, ధనుర్వాతంలోను, పసిపిల్లల మూర్ఛలోను కండరాల బిగుతు సడలడాన్ని నమోదు చేశాడు. ఆయన ఇంగ్లండుకు తీసుకువెళ్లిన సరుకుతో లండను ఔషధ వ్యాపారి పీటర్ స్క్వైర్ గంజాయి సారాన్ని తయారుచేశాడు. అప్పటినుంచి ఒక చిక్కు వైద్యులను వెన్నాడింది. భారతదేశంలో చాలిన మోతాదు ఇంగ్లండులో చాలలేదు. ఒక సీసాలోని సారం పనిచేస్తే, మరొక సీసాలోని సారం ఏ ప్రభావమూ చూపలేదు. 1890లో లాన్సెట్ పత్రికలో తన సుదీర్ఘ వైద్యానుభవాన్ని ప్రకటించిన జాన్ రసెల్ రేనాల్డ్స్ కూడ ఈ మందు బలంలోని హెచ్చుతగ్గులను ప్రధాన సమస్యగా చూపి, మోతాదు విషయంలో జాగ్రత్త అవసరమన్నాడు.

ఈ సమస్యకు ఒక కారణం పాలనాపత్రాలలోనే కనిపిస్తుంది. బ్రిటిష్ పార్లమెంటులో 1893 మార్చిలో వచ్చిన ప్రశ్న ఫలితంగా భారత ప్రభుత్వం డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన గంజాయి విచారణ సంఘాన్ని నియమించింది. 1893–94లో ఈ సంఘం 1193 మంది సాక్షుల వాంగ్మూలాలు సేకరించింది. కలకత్తాలో రసాయనశాస్త్రాచార్యుడు, ప్రభుత్వ రసాయన పరీక్షకుడు అయిన సి.జె.హెచ్. వార్డెన్ అందులో సభ్యుడు. సాక్షులకు పంపిన ప్రశ్నావళిలో గంజాయి, చరస్, భంగు నిలవ ఉంచితే చెడిపోతాయా, ఎంతకాలానికి ప్రభావం కోల్పోతాయి, అందుకు కారణాలేమిటి, నివారణోపాయాలున్నాయా అన్న ప్రశ్న ప్రత్యేకంగా ఉంది. మద్యనిషేధవాదులు, వైద్యులు, రెవెన్యూ అధికారులు నైతికత గురించీ పిచ్చి గురించీ వాదించుకుంటున్న సందర్భంలో సరుకు వయస్సు గురించి ఒక ప్రశ్న వేయడం విశేషం. పన్ను వసూలు చేసే ప్రభుత్వానికి గిడ్డంగిలోని సరుకు విలువ పడిపోవడం ఆర్థిక సమస్య. అదే విషయం రసాయనశాస్త్ర సమస్యగా మారడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

సరుకు ప్రయాణదూరాలు ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి. బెంగాలు గంజాయి రాజషాహీ ప్రాంతంలోని నౌగావ్‌లో పండేది. వృక్షశాస్త్రజ్ఞుడు డేవిడ్ ప్రెయిన్ 1893లో దానిపై ప్రత్యేక నివేదిక వెలువరించాడు. మద్రాసు రాజధానిలో ఈ సాగు జరిగిన చోట్లలో నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు ఒకటి. ఇవి స్థానికంగా పండి, దేశంలోనే ఖర్చయ్యే సరుకులు. చరస్ కథ వేరు. అది చైనా తుర్కిస్తానంలోని యార్కండ్ ప్రాంతం నుంచి కారకోరం కనుమల మీదుగా లేహ్‌కు, అక్కడి నుంచి పంజాబులోని హోషియార్‌పూర్, అమృతసర్ బజారులకు వచ్చేది. పర్వతమార్గంలో మూటలలో సాగిన ప్రయాణం, గిడ్డంగిలో నిలవ, ఆపైన సముద్రయానం దాటుకుని ఇంగ్లండు చేరే చరస్‌లో ఎంతోకొంత మార్పు రాక తప్పదు.

3. కేంబ్రిడ్జి ప్రయోగాలు: ఎర్ర తైలం నుంచి స్ఫటికం వరకు

19వ శతాబ్దం మొదటి పాదంలో నల్లమందు నుంచి మార్ఫీను, సింకోనా బెరడు నుంచి క్వినైను వేరుపడ్డాయి. ప్రతి మందుమొక్కలోను అటువంటి స్ఫటికరూప క్షారద్రవ్యం ఒకటి ఉండితీరుతుందన్న విశ్వాసంతో రసాయనజ్ఞులు గంజాయిని కూడ వెదికారు. అయితే గంజాయిలోని ప్రధాన ద్రవ్యాలలో నత్రజని లేదు. అవి నూనెలో, సారాయిలో కరిగే జిగురు పదార్థాలు. అందువల్ల క్షారద్రవ్యాల కోసం సాగిన అన్వేషణ దశాబ్దాల తరబడి ఫలించలేదు.

1896లో కేంబ్రిడ్జికి చెందిన టి.బి. వుడ్, డబ్ల్యు.టి.ఎన్. స్పైవీ, టి.హెచ్. ఈస్టర్‌ఫీల్డ్ భారతీయ చరస్‌పై తమ పరిశోధనను లండను కెమికల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. చరస్ నుంచి తీసిన సారాన్ని తక్కువ పీడనంలో బట్టీపట్టగా అనేక భాగాలు వచ్చాయి. వాటిలో 20 మిల్లీమీటర్ల పీడనం వద్ద సుమారు 265 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరిగిన చిక్కటి ఎర్రని తైలం ఒకటి. మత్తుగుణం ఆ తైలంలోనే ఉందని వారు గుర్తించి, దానికి కన్నాబినాల్ అని పేరు పెట్టారు. కేంబ్రిడ్జిలోనే పనిచేసిన సి.ఆర్. మార్షల్ ఆ తైలం ప్రభావాలను పరీక్షించి, భారతీయ గంజాయి మూలద్రవ్యం దొరికిందని 1897లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు.

1899లో వుడ్ బృందం తమ నిర్ణయాన్ని తామే సవరించుకుంది. ఎర్ర తైలం ఏకద్రవ్యం కాదని తేలింది. దానిని ఎసిటైల్ సమ్మేళనంగా మార్చి, స్ఫటికీకరించి, మళ్లీ విడదీయగా 21 కార్బన్, 26 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులు గల శుద్ధద్రవ్యం లభించింది. కన్నాబినాల్ అన్న పేరు తైలం నుంచి ఈ ద్రవ్యానికి బదిలీ అయింది. తొలి తైలం ముడి కన్నాబినాల్‌గా మిగిలింది.

ఈ బదిలీలోనే తరువాతి గందరగోళానికి బీజం పడింది. మార్షల్ చవిచూసినది ఎర్ర తైలం ప్రభావం. అందులో టీహెచ్‌సీ ఉంది, దాని శిథిలరూపమైన కన్నాబినాల్ కూడ ఉంది. టీహెచ్‌సీ స్ఫటికీకరణకు లొంగని జిగురు. కన్నాబినాల్ ఎసిటేటు సులభంగా స్ఫటికమవుతుంది. ఆనాటి పద్ధతులలో స్ఫటికమే శుద్ధతకు గుర్తు. అందువల్ల ఆ పద్ధతి మత్తునిచ్చే ద్రవ్యాన్ని పారబోసి, మత్తులేని ద్రవ్యాన్ని నిలుపుకుంది. పేరు మాత్రం పాత కీర్తితోసహా కొత్త ద్రవ్యానికి చేరింది. వుడ్ తదితరుల ప్రయోగనైపుణ్యంలో లోపం లేదు. వారు చెప్పిన పరమాణు సంఖ్యలు నేటికీ సరియైనవే. తాము చేతబట్టిన నమూనాలో మొక్క చేసినది ఎంత, కాలం చేసినది ఎంత అన్న ప్రశ్న మాత్రం వారి ముందుకు రాలేదు. గంజాయి నిలవలో చెడిపోతుందా అని సాక్షులను అడిగిన విచారణ సంఘం నివేదిక అప్పటికి రెండేళ్ల క్రితమే వెలువడినా, ఆ ప్రశ్న రసాయనశాలకు చేరలేదు.

4. నిర్మాణ నిర్ధారణ, నామకరణ వైచిత్రి

ఈస్టర్‌ఫీల్డ్ 1899లో న్యూజిలాండులో ఆచార్యపదవికి వెళ్లాడు. వుడ్ వ్యవసాయశాస్త్రం వైపు మళ్లాడు. మూడు దశాబ్దాల తరువాత ఈ పనిని ముందుకు తీసుకువెళ్లినవాడు ఆర్.ఎస్. కాన్. అణువుల త్రిమితీయ నిర్మాణాన్ని సూచించే నియమావళి ద్వారా రసాయనశాస్త్ర విద్యార్థులకు పరిచితుడైన కాన్ ఇతడే. 1930–1933 మధ్య వెలువడిన వరుస పత్రాలలో ఇతడు కన్నాబినాల్ నిర్మాణాన్ని చాలావరకు నిర్ణయించాడు. హైడ్రాక్సిల్, పెంటైల్ సమూహాల స్థానాలు మాత్రమే అనిశ్చితంగా మిగిలాయి. 1940లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రోజర్ ఆడమ్స్ బృందం, ఇంగ్లండులోని మాంచెస్టరులో అలెగ్జాండర్ టాడ్ బృందం విడివిడిగా కన్నాబినాల్‌ను కృత్రిమంగా సంశ్లేషించి ఆ అనిశ్చితిని తొలగించాయి. టాడ్ సంశ్లేషణ పత్రంలో ఆర్. ఘోష్, ఎస్. విల్కిన్‌సన్ సహరచయితలు.

నిర్మాణం తెలియగానే మరొక విషయం కూడ స్పష్టమైంది. శుద్ధ కన్నాబినాల్‌లో గంజాయికి స్వభావసిద్ధమైన మత్తు లేదు. అయితే ఆ నిర్మాణానికి నాలుగు హైడ్రోజన్ పరమాణువులు చేర్చి కృత్రిమంగా తయారుచేసిన సమ్మేళనాలలో మత్తుగుణం కనిపించింది. దీనిని బట్టి మొక్కలోని అసలు ద్రవ్యం ఒక టెట్రాహైడ్రోకన్నాబినాల్ అయి ఉండాలని ఊహించారు. ఆ ఊహ 1964లో నిశ్చయమైంది. ఇజ్రాయెలులోని వైజ్‌మన్ సంస్థలో యెహియెల్ గావోని, రాఫెల్ మెషూలం పోలీసులు పట్టుకున్న హషీష్ నుంచి టీహెచ్‌సీని శుద్ధరూపంలో వేరుచేసి దాని నిర్మాణాన్ని ప్రకటించారు. 1896 నుంచి 1964 వరకు, అంటే 68 సంవత్సరాలు, గంజాయి మూలద్రవ్యం నిర్దిష్టంగా తెలియకుండా గడిచాయి. ఈలోగా గంజాయి 1932లో బ్రిటిష్ ఔషధసంహిత నుంచి, 1942లో అమెరికా ఔషధసంహిత నుంచి తొలగింది. నిషేధ రాజకీయాలతోపాటు మోతాదును ప్రమాణీకరించలేని అసహాయత కూడ ఆ తొలగింపుకు దోహదం చేసింది.

టెట్రాహైడ్రోకన్నాబినాల్ అన్న పేరుకు అర్థం 'నాలుగు హైడ్రోజన్లు చేరిన కన్నాబినాల్' అని. ప్రకృతిలో జరిగేది ఇందుకు విరుద్ధం: టీహెచ్‌సీ నుంచి నాలుగు హైడ్రోజన్లు పోగా కన్నాబినాల్ మిగులుతుంది. తండ్రికి కొడుకు పేరు పెట్టినట్లు, మూలద్రవ్యం తన శిథిలరూపం పేరుతో చలామణి అవుతున్నది. చట్టాలకు కూడ ఈ తలకిందుల వరుస సంక్రమించింది. బ్రిటన్ 1971 నాటి మాదకద్రవ్యాల దుర్వినియోగ చట్టం 'కన్నాబినాల్', 'కన్నాబినాల్ ఉత్పన్నాలు' అన్న మాటలను ఎంచుకుని, టీహెచ్‌సీని ఆ ఉత్పన్నాల కిందనే చేర్చింది. భారతదేశపు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని నిర్వచించడంలో చరస్, పూతతో కూడిన శిఖరభాగాలు, వాటి మిశ్రమాలు అని సరుకు రూపాన్ని ఆధారం చేసుకుంది. మొక్కను గుర్తించే రెండు పద్ధతులు, రసాయనం ద్వారా ఒకటి, సరుకు ద్వారా మరొకటి, ఈ రెండు చట్టాలలో కనిపిస్తాయి.

5. శిథిలద్రవ్యం నుంచి కాలసూచికగా

టీహెచ్‌సీ నిర్మాణం తెలిసిన తరువాత కన్నాబినాల్ స్థానం మారింది. మూలద్రవ్యమన్న గౌరవం పోయినా, నమూనా వయస్సును తెలిపే సూచికగా దానికి కొత్త ప్రయోజనం ఏర్పడింది. 1976లో లండనులో ఫెయిర్‌బెర్న్, లీబ్‌మన్, రోవన్ చేసిన పరిశోధన గంజాయి క్షీణతకు కారణాలలో వెలుతురు అన్నింటికన్నా బలమైనదని, దాని తరువాతి స్థానం గాలి వల్ల జరిగే ఆక్సీకరణానిదని చూపింది. మిసిసిపీ విశ్వవిద్యాలయానికి చెందిన రాస్, ఎల్‌సోలీ 1990ల చివరలో గది ఉష్ణోగ్రతలో నిలవ ఉన్న గంజాయిని పరీక్షించారు. టీహెచ్‌సీలో మొదటి సంవత్సరానికి సగటున 16.6 శాతం, రెండవ సంవత్సరాంతానికి 26.8 శాతం, మూడవ సంవత్సరాంతానికి 34.5 శాతం, నాలుగవ సంవత్సరాంతానికి 41.4 శాతం తగ్గుదల నమోదయింది. టీహెచ్‌సీతో పోల్చిన కన్నాబినాల్ నిష్పత్తిని బట్టి సరుకు సుమారు వయస్సును అంచనా వేయవచ్చని వారు ప్రతిపాదించారు. ఓషానెసీ కాలం నుంచి వైద్యులు ఎదుర్కొన్న మోతాదు చిక్కుకు ఈ అంకెలు ఆలస్యంగా లభించిన సమాధానం. గంజాయి విచారణ సంఘం అడిగిన ప్రశ్నకు కూడ ఇది వందేళ్ల తరువాత వచ్చిన జవాబు.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. తగ్గిన టీహెచ్‌సీ అంతా కన్నాబినాల్‌గా నిలవదు. ఏర్పడే కన్నాబినాల్ పరిమాణం పోయిన టీహెచ్‌సీ కన్న తక్కువగానే ఉంటుంది. కన్నాబినాల్ స్థిరమైనదే అయినా, క్షీణత ఒకే దారిలో సాగదు. పాత సరుకులో కన్నాబినాల్ ఎక్కువ అన్నది నిజం. పాత సరుకు అంటే కన్నాబినాల్ అన్న సమీకరణం నిజం కాదు.

ఈ స్థిరత్వమే పురావస్తుశాస్త్రానికి ఉపకరించింది. చైనాలోని తుర్ఫాన్ ప్రాంతపు యాంగ్‌హై సమాధులలో సుమారు 2700 సంవత్సరాల నాటి 789 గ్రాముల గంజాయి లభించింది. 2008లో రూసో బృందం ప్రకటించిన విశ్లేషణలో ఈ వర్గపు ద్రవ్యాలలో ప్రధానంగా కనిపించినది కన్నాబినాల్. 2019లో పామీరు పర్వతాలలోని జిర్జాంకల్ శ్మశానవాటికపై మరొక అధ్యయనం వెలువడింది. సుమారు 2500 సంవత్సరాల క్రితం కాల్చిన రాళ్లు ఉంచిన కొయ్య కుంపట్లలోని అవశేషాలలో కన్నాబినాల్ బయటపడింది. టీహెచ్‌సీ అంతకాలం నిలవదు కనుక, కన్నాబినాల్ ఉనికిని బట్టి నాడు టీహెచ్‌సీ అధికంగా గల మొక్కలను ఎన్నుకుని దహించారని పరిశోధకులు నిర్ధారించారు. జిర్జాంకల్ ఉన్న తాష్‌కుర్గాన్ ప్రాంతం యార్కండుకు సమీపం. 19వ శతాబ్దంలో చరస్ మూటలు బయలుదేరిన నేల చేరువలోనే అదే ద్రవ్యం రెండున్నర వేల సంవత్సరాల నాటి ఆచారానికి సాక్ష్యం చెప్పింది. 1896లో నమూనా వయస్సును పట్టించుకోనందువల్ల పొరపాటుకు దారితీసిన ద్రవ్యమే, వయస్సును లెక్కలోకి తీసుకున్నప్పుడు నమ్మదగిన చారిత్రకాధారంగా మారింది.

6. ప్రభావాలు, వైద్య ప్రయోజనాలు: ఆధారాల బలాబలాలు

6.1 శరీరంపై ప్రభావం

1990లో సీబీ1 గ్రాహకం, 1993లో సీబీ2 గ్రాహకం గుర్తింపు పొందాయి. మొదటిది ప్రధానంగా మెదడు, నాడీమండలంలోను, రెండవది రోగనిరోధక వ్యవస్థలోను ఎక్కువగా ఉంటాయి. కన్నాబినాల్ ఈ రెండింటికీ అతుక్కుంటుంది. సీబీ1 పట్ల దాని ఆకర్షణ టీహెచ్‌సీ కన్న సుమారు పదింతలు తక్కువ. మానవులపై జరిగిన పరీక్షల ఫలితాలు ఇందుకు అనుగుణంగా ఉన్నాయి. 1973లో హాలిస్టర్ నోటిద్వారా ఇచ్చిన కన్నాబినాల్‌లో చెప్పుకోదగిన ప్రభావాన్ని కనుగొనలేదు. అదే సంవత్సరం పెరెజ్-రేయెస్ బృందం సిరద్వారా ఎక్కించినప్పుడు స్వల్పమైన మత్తు కనిపించింది. కాబట్టి కన్నాబినాల్ పూర్తిగా నిర్వీర్యం కాదు, బలహీనమైనది.

6.2 నిద్రమందు అన్న వాదం

పాత గంజాయి మత్తుకన్న మగతను ఎక్కువగా కలిగిస్తుందన్న నమ్మకం వాడకందారులలో ఉంది. పాత సరుకులో కన్నాబినాల్ ఎక్కువ కనుక, మగతకు కారణం అదేనన్న నిర్ణయం దీని నుంచి పుట్టింది. గత పది పదిహేనేళ్లుగా అమెరికా విపణిలో కన్నాబినాల్ కలిపిన నిద్రగుళికలు, తైలాలు ఈ వాదం మీదనే అమ్ముడవుతున్నాయి. దీనిని డయజిపామ్ వంటి నిద్రమందులతో పోల్చిన ప్రకటనలు కూడ ప్రచారంలోకి వచ్చాయి.

ఈ వాదానికి తరచు చూపే శాస్త్రాధారం 1975లో బ్రెజిలులో కార్నియోల్ బృందం చేసిన ప్రయోగం. అందులో పాల్గొన్నవారు ఐదుగురు పురుషులు. 50 మిల్లీగ్రాముల కన్నాబినాల్ ఒక్కటే ఇచ్చినప్పుడు మగతలో గుర్తించదగిన మార్పు రాలేదు. 25 మిల్లీగ్రాముల టీహెచ్‌సీతో కలిపి ఇచ్చినప్పుడు మాత్రం మగత, తలతిరుగుడు ఎక్కువయ్యాయి. అంటే ఆ ప్రయోగం కన్నాబినాల్‌ను నిద్రమందుగా నిరూపించలేదు. టీహెచ్‌సీ ప్రభావాన్ని అది మార్చగలదని మాత్రం సూచించింది. 2021లో ఈ విషయంపై సమీక్ష ప్రకటించిన జేమీ కొరూన్ అప్పటికి ప్రచురితమైన మానవ పరిశోధనలు నిద్రవాదాన్ని సమర్థించడానికి చాలవని తేల్చాడు.

పైగా పాత సరుకులో జరిగే మార్పు ఒక్కటి కాదు. టీహెచ్‌సీ తగ్గుతుంది, తేలికగా ఆవిరయ్యే సుగంధద్రవ్యాలు పోతాయి, బరువైనవి మిగులుతాయి, ఇతర ఆక్సీకరణ ఉత్పన్నాలు చేరతాయి. ఇన్ని మార్పులలో కొలవడానికి సులువైనది ఒకదానిని ఎంచి, ఫలితమంతటికీ దానినే కారణంగా నిలపడం 1896 నాటి తర్కానికి భిన్నమైనదేమీ కాదు. అప్పుడు ఎర్ర తైలంలోని మత్తును స్ఫటికమైన ద్రవ్యానికి ఆపాదించారు. ఇప్పుడు పాత సరుకులోని మగతను అదే ద్రవ్యానికి ఆపాదిస్తున్నారు.

అయితే వాదం తొందరపాటుతో పుట్టినంత మాత్రాన ద్రవ్యానికి గుణమే లేదనడం కూడ తొందరపాటే. ఇటీవలి పరిశోధనలు ఈ ప్రశ్నను సక్రమమైన రీతిలో తిరిగి లేవనెత్తాయి. 2023లో బాన్-మిల్లర్ బృందం ప్రకటించిన ద్వంద్వ అంధ పరీక్షలో, నిద్ర సరిగా పట్టనివారికి వారంరోజులపాటు రాత్రివేళ 20 మిల్లీగ్రాముల కన్నాబినాల్ ఇచ్చారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే రాత్రి మెలకువ వచ్చే సంఖ్య, మొత్తం మీద నిద్రాభంగం తగ్గాయి. నిద్రపట్టడానికి పట్టే సమయంలో మెరుగుదల కనిపించలేదు. సీబీడీని కలపడం వల్ల అదనపు లాభమూ కలగలేదు. 2024లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నాల్డ్ బృందం ఎలుకలలో శుద్ధ కన్నాబినాల్ నిద్రను పెంచిందని మెదడు తరంగాల నమోదు ద్వారా చూపింది. కన్నాబినాల్ శరీరంలో మార్పుచెంది ఏర్పడే 11-హైడ్రాక్సీ కన్నాబినాల్ సీబీ1 గ్రాహకంపై పనిచేస్తున్నదని కూడ అదే బృందం గుర్తించింది. ఈ రెండు పరిశోధనల విలువ వాటి ఫలితంతోపాటు వాటి పద్ధతిలో ఉంది. రెండింటిలోను పరీక్షించినది పాత గంజాయిని కాదు. నిర్దిష్ట మోతాదులో శుద్ధ కన్నాబినాల్‌ను.

6.3 ఇతర సంభావ్య ప్రయోజనాలు

నిద్రకు అవతల కూడ కన్నాబినాల్‌పై గమనార్హమైన పరిశోధనలున్నాయి. వీటిలో చాలావరకు ప్రయోగశాల స్థాయిని, జంతువుల స్థాయిని దాటలేదన్న స్పృహతో వీటిని చదవాలి.

సూక్ష్మజీవనాశక గుణం: 2008లో ఇటలీకి చెందిన అపెండినో తదితరులు కన్నాబినాల్‌తో కలిపి ఐదు ప్రధాన కన్నాబినాయిడ్లను మెథిసిలిన్‌కు లొంగని స్టఫిలోకాకస్ జాతులపై పరీక్షించారు. మిల్లీలీటరుకు 0.5–2 మైక్రోగ్రాముల స్థాయిలోనే అవి సూక్ష్మజీవుల పెరుగుదలను అరికట్టాయి. ఇది పరీక్షనాళికలోని ఫలితం. రోగి శరీరంలో నిరూపణ కావలసి ఉంది.

నాడీకణ రక్షణ: 2005లో వైట్ బృందం ఏఎల్‌ఎస్ అనే కండర క్షీణతావ్యాధికి నమూనాగా రూపొందించిన చిట్టెలుకలకు రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున కన్నాబినాల్ ఇచ్చింది. వ్యాధిలక్షణాలు రెండు వారాలకు పైగా ఆలస్యంగా కనిపించాయి. ఆయుర్దాయం మాత్రం పెరగలేదు. 2022లో అమెరికాలోని సాల్క్ సంస్థ పరిశోధకులు కణాల స్థాయిలో కన్నాబినాల్ మైటోకాండ్రియాలను కాపాడి, ఆక్సీకరణ ఒత్తిడి వల్ల కలిగే కణమరణాన్ని తగ్గిస్తున్నదని చూపారు.

ఆకలి: 2012లో ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధనలో కన్నాబినాల్ ఎలుకలలో ఆహార స్వీకరణను పెంచింది. మత్తు అంతగా లేకుండా ఆకలిని పెంచే ద్రవ్యం క్షీణతావ్యాధులలో ఉపకరించవచ్చునన్న ఆశకు ఇది ఆధారం.

ఈ ఫలితాలన్నింటిలో ఒక వింత కనిపిస్తుంది. ఆక్సీకరణ వల్ల పుట్టిన ద్రవ్యం కణాన్ని ఆక్సీకరణ నుంచి రక్షించడం, శిథిలావశేషంగా పక్కన పెట్టిన అణువు రోగనిరోధకానికి సంబంధించిన గ్రాహకాలపై పనిచేయడం, 'క్షీణించింది' అన్న మాటను 'నిరుపయోగం' అన్న అర్థంలో తీసుకోరాదని సూచిస్తాయి.

7. ముగింపు

కన్నాబినాల్ చరిత్ర నుంచి మూడు నిర్ణయాలు చేయవచ్చు.

మొదటిది చరిత్రకారులకు సంబంధించినది. 19వ శతాబ్దపు గంజాయి వైద్యం గురించిన జయాపజయ కథనాలను మందు గుణానికో, వైద్యుని పక్షపాతానికో మాత్రమే ఆపాదించరాదు. కలకత్తా రోగి పుచ్చుకున్నదీ, లండను రోగి పుచ్చుకున్నదీ పేరుకు ఒకే మందు; రసాయనికంగా కాదు. సరుకు ఎక్కడ పండింది, ఎంతకాలం నిలవ ఉంది, ఏ మార్గంలో చేరింది అన్న వివరాలు వైద్యచరిత్రకు అనుబంధాలుగా కాక ప్రధానాధారాలుగా పరిగణింపదగినవి. ఈ దృష్టితో చూసినప్పుడు గంజాయి విచారణ సంఘం వాంగ్మూలాలలో నిలవ గురించి సాక్షులు ఇచ్చిన సమాధానాలు, రాజధానులవారీగా, మద్రాసు సంపుటంతోసహా, మళ్లీ చదవవలసిన వనరులు.

రెండవది శాస్త్రపద్ధతికి సంబంధించినది. వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డ్ చేసిన విశ్లేషణ సరియైనది. దాని నుంచి తీసిన అన్వయం సరియైనది కాదు. పద్ధతికి లొంగినది దొరికింది, లొంగనిది జారిపోయింది. శార్ఙ్గధరుడు ఔషధానికి విధించిన కాలపరిమితిని, రెవెన్యూ అధికారి గిడ్డంగిలో గమనించిన క్షీణతను, రసాయనజ్ఞుడు చేసిన విశ్లేషణను ఒకచోట చేర్చి చూసేవారు లేకపోవడం వల్ల ఆ అన్వయాన్ని సరిదిద్దడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది.

మూడవది నేటి రోగులకు సంబంధించినది. నిద్రలేమితో బాధపడేవారికి కన్నాబినాల్ ఉపకరించే అవకాశాన్ని తోసిపుచ్చడానికి లేదు; ఉపకరిస్తుందని అమ్మడానికి తగిన ఆధారమూ ఇంకా సమకూరలేదు. పాత గంజాయి మగతనిస్తుందన్న అనుభవం పరిశోధనకు ప్రారంభం కాగలదు కాని నిర్ధారణ కాజాలదు. శుద్ధద్రవ్యంతో, తగినంతమంది రోగులతో, దీర్ఘకాలం సాగే పరీక్షలు ఆ నిర్ధారణను ఇవ్వాలి. ఒకే ద్రవ్యం విషయంలో ఒకే పొరపాటు రెండుసార్లు జరగకుండా కాపాడేది అటువంటి పరీక్షలే.